ఎగెర్తాలో మూయని కిటికీ

ఎగెర్తా,
1948 నవంబరు 14

తమ్ముడు మోరిట్స్‌కి అక్క థెక్లా బోలెడు ప్రేమతో రాసేది.

నువ్వు ఒల్టెన్‌లో రైలు పెట్టెలకు చక్రాలు బిగించుకుంటూ వెచ్చగా ఉన్నావు. నేను కొండ మీద మంచులో మోకాళ్ళ దాకా దిగబడి ఉన్నాను. బయల్దేరే రోజునే నీ ఉత్తరం అందింది. ఎప్పటిలాగే నాలుగు ముక్కలు, కింద పేరుకు బదులు ఆ పిచ్చి గీతలు: నిలువుగా ఒక గీత, దాని ఎడమ పక్క రెండు ఏటవాలు గీతలు, అడుగున ఒక సున్నా. చిన్నప్పుడు రైతు ఇంట్లో గడ్డి అటక దూలం మీదా, చెక్క చెంచాల మీదా అదే చెక్కి దెబ్బలు తినేవాడివి. ముప్ఫై ఏళ్ళవాడివయ్యావు, పెళ్ళాం బిడ్డ వచ్చారు, ఇంకా సంతకం పెట్టడం రాలేదు నీకు.

ఆ నాలుగు ముక్కల్లో ఒకటి నాకు గుచ్చుకుంది. నీ పిల్లవాడికి మాటలొచ్చే వేళయిందని, వాడిచేత నిన్ను పేరు పెట్టే పిలిపిస్తానని, తండ్రిని పిలిచే ఆ ఇంకో మాట నీ ఇంట్లో వినపడటానికి వీల్లేదని రాశావు. "కన్నబిడ్డను అమ్ముకున్నవాడికి ఉన్న పేరు నాకొద్దు" అన్నావు. నీ కోపం నాకు తెలుసు. ఒక తల్లి బిడ్డలం కాకపోయినా నిన్నూ నన్నూ పంచాయతీవాళ్ళు పెంపకానికని ఒకే రైతు గుమ్మంలో దింపారు. ఒకే అటక మీద ఒకే గోనె కప్పుకుని పెరిగాం. అయినా నీ మాటకు జవాబు తరవాత రాస్తాను. ముందు నా గోల విను.

నా పని నీకు తెలిసిందే, పటం మీద గుర్తులు పెట్టడం. తండ్రిని ఏ ఊళ్ళో ఏమంటారో చెప్పే పటం ఒకటి ఏడాదిగా నా బల్ల మీద ఉంది. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఫ్రీసులు "హైట్" అంటారు, వాళ్ళకు నక్షత్రం గుర్తు. పల్లపు నేలవాళ్ళు "ఫాడర్" అంటారు, వాళ్ళకు నల్లచుక్క. సముద్రం దాటితే స్వీడన్‌వాళ్ళు దాన్నే నమిలి నమిలి "ఫార్" చేసిపెట్టారు. మన వైపు "ఎట్టి", "డెట్టి". తూర్పు కొండల్లో "టాటా". ఇందులో రెండు వంశాలు కలిసిపోయాయంటారు మా ప్రొఫెసర్ ఓబ్రిస్ట్. ఒకటి టోపీ తీసి పలికే మాట, కోర్టుకూ ప్రార్థనకూ పనికొచ్చేది. రెండోది ఉయ్యాల మాట. గోతులనే జాతి ఒకటి ఉండేదట, ఎప్పుడో అంతరించిపోయింది. వాళ్ళు దేవుణ్ణి కూడా ఉయ్యాల మాటతోనే "అట్టా" అని పిలిచేవాళ్ళట. "దీనికి పుట్టిన ఊరు లేదమ్మా. నాలుక పళ్ళకు తగిలిన ప్రతి పసివాడి నోట్లోనూ కొత్తగా పుడుతుంది" అంటారు ఆయన.

ఆ పటం మీద ఒకే ఒక్క ఊరి దగ్గర ఏ గుర్తూ లేదు. అదే ఎగెర్తా. మాటలు సేకరించడానికి ముందు వచ్చినాయన ఇక్కడ రెండు వేల ప్రశ్నలు అడిగాడు. ఆవు పొదుగుకొచ్చే జబ్బు దగ్గర్నించి ఏడు రకాల మంచు దాకా అన్నిటికీ జవాబులున్నాయి. తండ్రి దగ్గర మాత్రం పెన్సిలుతో "చెప్పరు" అని రాసి ఉంది. ఆయన కాలు విరిగి మంచంలో ఉన్నాడు కనక ప్రొఫెసర్ నన్ను పంపారు. మా పనికి ఒకే నియమం: మనకు కావలసిన మాటను మనం ముందు పలకకూడదు, వాళ్ళ నోటి నుంచే రావాలి. అందుకని చుట్టూ తిప్పి అడుగుతాం.

నేను దిగింది ఫిలోమేనా అనే ఆమె ఇంట్లో. మొగుడు థియోడుల్, పది నెలల కొడుకు సెవెరిన్. మొదటి రోజే రై రొట్టె కోస్తున్న థియోడుల్‌ని అడిగాను, మీ అమ్మగారి భర్తను మీరేమని పిలిచేవారని.

"మా అమ్మ మొగుణ్ణా? ఆవిడ ఉండగా ఆయన్ని పిలిచే అవకాశం మాకెక్కడిది, అంతా ఆవిడే పిలిచేది" అన్నాడు.

"పోనీ, వీడు పెద్దయ్యాక మిమ్మల్ని ఏమంటాడు?"

"ఆకలేస్తే 'ఇదిగో' అంటాడు. కడుపు నిండితే అసలేమీ అనడు. ఈ ముక్క తినండి పటాలమ్మగారూ, పళ్ళు జాగ్రత్త" అని తప్పించుకున్నాడు.

నవ్వాను గాని, మర్నాడు నవ్వు పోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి సందులో పోతున్న తండ్రిని ఆపాలి. పిలవలేదు. పరుగెత్తుకెళ్ళి చొక్కా చెయ్యి పట్టి లాగింది. ఇంకో పిల్లవాడు కొట్టం కప్పు మీదున్న తండ్రి వీపుకేసి మంచుముద్ద విసిరాడు, ఆయన ఇటు తిరగడానికి. ఇక్కడ ఏ పిల్లా తండ్రిని నోరారా పిలవదు. సాయంత్రం సెవెరిన్ నాతో కబుర్లాడుతూ "అ... ట్..." అనబోయాడు. ఫిలోమేనా నాతో మాట్లాడుతున్నది మాట్లాడుతూనే వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. కొట్టినట్టు కాదు, మూతి తుడిచినట్టు. ఆ తరవాత గమనిస్తే మరో ఇద్దరు తల్లులూ అంతే చేశారు.

నిన్నటితో ఎగెర్తాకు ఎండ ఆఖరు. మళ్ళీ ఫిబ్రవరి రెండు దాకా సూర్యుడు ఆ కొండ దాటి రాడట. మధ్యాహ్నం మూడింటికే అక్షరాలు కనిపించడం లేదు, ఆపుతున్నాను.

నీ అక్క,
థెక్లా


ఎగెర్తా,
నవంబరు 23

మోరిట్స్, నా బంగారు తమ్ముడూ,

తప్పు చేశాను. మా పని తెలిసినవాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు.

మొన్న ఫిలోమేనా మేకలు పితకడానికి వెళ్తూ సెవెరిన్‌ని నా ఒళ్ళో పెట్టింది. "వాడు ఏమన్నా వాగబోతే ఇలా చెయ్యండి" అని చెయ్యి అడ్డం పెట్టి చూపించింది కూడా. సరే అన్నాను. ఆమె మెట్లు దిగగానే నా బుద్ధి బయటపడింది. పెద్దవాళ్ళు చెప్పకపోతే పోనీ, ఇదిగో మాట పుట్టే చోటే నా ఒళ్ళో ఉంది కదా అనుకున్నాను. నియమం తప్పలేదు, నేను నోరు విప్పలేదు. కొయ్యకు తగిలించిన థియోడుల్ టోపీ వైపు వేలు చూపించానంతే. వాడు టోపీ కేసి చూశాడు, నా కేసి చూశాడు, నవ్వాడు. "అట్టో" అన్నాడు. చివర పైకి లేపి, ఎవర్నో ఏదో అడుగుతున్నట్టు. నేను గబగబా పుస్తకంలో రాసుకున్నాను. ఏడాదిగా ఖాళీగా ఉన్న గుర్తు దొరికిందని నా ఆనందం ఇంతా అంతా కాదు.

అప్పుడు బయట మెట్ల మీద మేకుల బూట్ల చప్పుడు. నిదానంగా ఒక్కొక్క మెట్టు ఎక్కి గడప దగ్గర ఆగింది. మంచు దులపడానికి మగవాళ్ళు బూటు తడతారే, అలా రెండుసార్లు తట్టింది. థియోడుల్ అనుకుని, "లోపలికి రండి, మీవాడు మాటలు నేర్చాడు" అన్నాను. తలుపు తెరుచుకోలేదు. సెవెరిన్ మాత్రం తలుపు వైపు రెండు చేతులూ చాచి కేరింతలు కొడుతున్నాడు. లేచి తలుపు తీశాను. ఎవరూ లేరు. మెట్ల మీద తడి అడుగులున్నాయి. అన్నీ పైకి ఎక్కినవే, దిగినది ఒక్కటీ లేదు.

థియోడుల్ ఆ పూటంతా లోయ అవతల కట్టెలు కొడుతున్నాడు.

ఫిలోమేనా పాల తపేలాతో వచ్చి మెట్లు చూసింది. అరవలేదు, ఏడవలేదు. తపేలా దింపి, నా పుస్తకం తీసుకుని, బొటనవేలు తడి చేసుకుని నేను రాసిన మాటను కాగితం చిరిగేదాకా తుడిచింది. "మీకు అన్నం పెట్టిన ఇల్లు కదండీ ఇది" అని మాత్రం అంది. ఆ మాట నన్ను ఇంకా తింటూనే ఉంది.

పైనింటి క్రెసెన్స్ అవ్వను పిలుచుకొచ్చారు. ఎనభై దాటిన మనిషి, నోరు మాత్రం పదును. "పటాలు గీసుకునేవాళ్ళకు పసిపిల్లలతో పనేంటే" అని నన్ను కడిగేసింది, తరవాత కూర్చోబెట్టి చెప్పింది. ఇక్కడ ప్రతి ఇంటి గోడలోనూ రెండు అరచేతులంత కిటికీ ఒకటి ఉంటుంది, ఎప్పుడూ మూసే ఉంటుంది. ఇంట్లో మనిషి పోయినప్పుడు ఆత్మ వెళ్ళడానికి తెరుస్తారు. పోయినవాడు తండ్రి అయితే కన్నబిడ్డ ఒకరు నిలబడి, ఆ మాటతో ఒక్కసారి పిలిచి, వెళ్ళు అని చెప్పి, కిటికీ మూసేయాలి. అవ్వ తమ్ముడు ఆల్బీన్ పోయి పదకొండేళ్ళయింది. పిలవడానికి బిడ్డ ఊళ్ళో లేదు. ఆ కిటికీ పదకొండు చలికాలాలుగా తెరిచే ఉంది. అది మూసేదాకా ఊళ్ళో ఎవరూ ఆ మాట పలకరు.

"పలికితే?" అన్నాను.

"పిలిపించుకోవాలని కాచుకుని కూర్చున్నవాడే పిల్లా. ఎవరు ఎవర్ని పిలిచినా తననే అనుకుంటాడు. లేచి వస్తాడు."

"వచ్చి ఏం చేస్తాడు?"

"తండ్రి ఏం చేస్తాడో అదే చేస్తాడు. చెడ్డవాడైతే తిట్టి తరిమేద్దుం. మంచివాడు, అదే వచ్చిన తంటా."

అర్థం కాలేదు అప్పుడు. చీకటి పడకుండానే అర్థమయింది. థియోడుల్ వచ్చి కొడుకును ఎత్తుకోబోతే వాడు ఎవరో కొత్తమనిషిని చూసినట్టు బిగుసుకుపోయి గుక్కపట్టి ఏడ్చాడు. పొయ్యి పక్కన ఖాళీ కుర్చీ ఉంది. దాని వైపు చేతులు చాచి ఏడ్చాడు. ఆ కుర్చీ దగ్గర కింద దింపగానే ఊరుకున్నాడు.

నీ అక్క,
థెక్లా


ఎగెర్తా,
డిసెంబరు 5

తమ్ముడూ,

ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన ఎవరినీ ఉంచుకోకు.

రెండు వారాలుగా సెవెరిన్ తండ్రి మొహం చూడడం లేదు. తల్లి దగ్గరికి వస్తాడు, నా దగ్గరికీ వస్తాడు. థియోడుల్ గదిలోకి వస్తే మాత్రం పాక్కుంటూ వెళ్ళి ఆ కుర్చీ కోడును పట్టుకుని, పైకి చూసి నవ్వుతాడు. తల ఎంత ఎత్తుకు ఉంటుందో సరిగ్గా అంత ఎత్తుకు చూస్తాడు. పొద్దున్నే కుర్చీ కింద మంచు కరిగిన తడి ఉంటుంది, ఫిలోమేనా తుడుస్తుంది. పొగతాగేవాళ్ళు లేని ఇంట్లో పొగాకు వాసన. నిన్న థియోడుల్ బార్లీ సూప్ తాగుతూ కుర్చీకేసి చూసి, "నీకూ ఒక గిన్నె పెట్టించనా? కొడుకెలాగూ నీవాడేగా" అన్నాడు. వేళాకోళంగానే మొదలుపెట్టాడు. చెంచా అక్కడే వదిలి చలిలోకి వెళ్ళిపోయాడు. అంత మనిషి కొట్టంలో ఆవు మెడ పట్టుకుని ఏడవడం నేను కిటికీలోంచి చూశాను. ఇదంతా నా వేలు చూపించడం వల్ల జరిగింది.

క్రెసెన్స్ అవ్వ దగ్గరికి వెళ్ళి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆల్బీన్ పెళ్ళాం కొండ కింది పల్లపు ఊరి మనిషట. ఈ చీకటి భరించలేక బిడ్డను తీసుకుని దిగిపోయింది, ఏడాదికే చనిపోయింది. ఆమె ఊరి పెద్దలు బిడ్డను రైతులకు అప్పగించారు. ఆల్బీన్ దిగి వెళ్ళి అడిగితే ఆ పేరుగల బిడ్డ మా పుస్తకాల్లో లేదన్నారు. తల్లి ఇంటిపేరు మీద రాశారన్నది అతనికి తెలియదు. ఏడాదికి రెండుసార్లు, మంచు కరిగాక ఒకసారి, మంచు పడేముందు ఒకసారి, నడిచి వెళ్ళి ఊరూరా అడిగి వచ్చేవాడు. పద్నాలుగేళ్ళు అలా తిరిగీ తిరిగీ చనిపోయాడు.

అవ్వ ప్రతిసారీ "బిడ్డ" అనే అంది. ఆడపిల్లా మగపిల్లాడా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు, మోరిట్స్. అడిగితే ఆశ పోతుందని భయం. నన్ను ఏ ఊరి నుంచి తెచ్చారో నాకెవరూ చెప్పలేదు. ఆ బిడ్డ నేనే ఎందుకు కాకూడదు అనుకున్నాను. ముప్ఫై రెండేళ్ళు వచ్చి, ఊరూరి మాటలకు గుర్తులు పెట్టే మనిషిని, ముసలమ్మ ముందు కూర్చుని ఇలా అనుకున్నాను.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. నువ్వు రాకముందు, నాకు ఆరేళ్ళప్పుడు, రైతుకు నీళ్ళ చెంబు అందిస్తూ పొరపాటున "ఎట్టి" అన్నాను. వాళ్ళ పిల్లలు అనేవాళ్ళు కదా, విని విని వచ్చేసింది. ఆయన నన్ను బల్ల మీద నిలబెట్టి, "మళ్ళీ అను, అందరూ వింటారు" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. మళ్ళీ అనిపించాడు, మళ్ళీ నవ్వారు. ఆ రోజు నుంచి నా గిన్నె గుమ్మం బయట పెట్టారు. నువ్వొచ్చాక నీ గిన్నె కూడా నా పక్కన ఉండేది గుర్తుందా. నువ్వు చేసిన తప్పేమీ లేదు, నా తప్పుకే నీ గిన్నె కూడా బయటికొచ్చింది. ఆ తరవాత ఆ మాట నేను ఎవరినీ అనలేదు. ఊళ్ళవాళ్ళ మాటలన్నీ ఏరుకొచ్చి పటం మీద అంటించుకుంటూ బతుకుతున్నాను.

నిన్న అవ్వ తనే అంది. "నువ్వూ రైతు ఇంట పెరిగిన దానివేనటగా. తండ్రి ఉన్నవాళ్ళు పిలిస్తే ఇద్దరవుతారు, కుదరదు. నీకు ఎవరూ లేరు. ఒక్కమాటు పిలిచి పంపెయ్యవే తల్లీ. వాడికి కూతురు దొరుకుతుంది, ఫిలోమేనా కొడుకు వాళ్ళకు మిగులుతాడు."

"నేను ఆయన బిడ్డను కాకపోతే?"

"వాడు అడుగుతాడా?" అంది.

రాత్రంతా ఆలోచించాను. ఎల్లుండి పిలుస్తాను. సెవెరిన్ కోసం అని నీకు చెప్పవచ్చు, అది అబద్ధం కాదు. కాని నా కోసం కూడా. ఒక్కసారి నోరారా పిలిస్తే నవ్వకుండా పలికేవాడు ఒకడుంటే చాలనిపిస్తోంది, బతికున్నవాడు కాకపోయినా సరే.

నీ అక్క,
థెక్లా


ఎగెర్తా,
డిసెంబరు 8

మోరిట్స్, తమ్ముడూ,

నేను పిలవలేదు.

నిన్న పదిన్నరకు అవ్వ తన తమ్ముడి ఇల్లు తెరిచింది. గదిలో బయటకంటే చలి. మంచం మీద, బల్ల మీద, గోడల మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. కిటికీ నేననుకున్నంత కూడా లేదు, అందులోంచి చిన్న గాలి నిలకడగా వస్తోంది, ఎవరో పక్కన నిలబడి ఊపిరి తీస్తున్నట్టు. అవ్వ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేను కిటికీ ఎదురుగా నిలబడి, సెవెరిన్ అన్నట్టే చివర పైకి లేపి పిలవాలని నోరు తెరిచాను. గాలి ఆగిపోయింది. ఆ గదిలో ఎవరో వింటున్నారు. ఒట్టు వేసి చెప్తున్నాను, నా మీద ఎవరూ అంత శ్రద్ధ ఎప్పుడూ పెట్టలేదు.

ఆసరాకు, తలకు తగిలేంత కిందికున్న దూలాన్ని పట్టుకున్నాను. అరచేతి వేడికి మంచు కరిగింది. వేళ్ళ కింద చెక్కిన గీతలు తగిలాయి. చెయ్యి తీసి చూశాను. నిలువుగా ఒక గీత. ఎడమ పక్క రెండు ఏటవాలు గీతలు. అడుగున ఒక సున్నా.

"అవ్వా, ఇదేమిటి?" అన్నాను.

"ఇంటి గుర్తు. ఈ ఊళ్ళో ఒక్కో ఇంటికి ఒకటుంటుంది. కాలవ నీళ్ళు ఎవరి వంతో చూపే వంతు కర్ర మీదా, దూలం మీదా, చెంచాల మీదా చెక్కుకుంటాం. ఇది ఆల్బీన్ వాళ్ళది. ఇంకెవరికీ ఉండదు."

"ఆ బిడ్డ..."

"మగపిల్లాడు" అంది. నేను అడగాల్సిన అవసరం రాలేదు.

ఆ గుర్తు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను, దీనితో పంపిస్తున్నాను. నీ ఉత్తరం పక్కన పెట్టి చూసుకో. నిజం చెప్తాను, నిన్ను మోసం చెయ్యలేను. నిన్న మధ్యాహ్నం దాకా ఈ కాగితం నా గౌను జేబులోనే ఉంది. పొయ్యి తలుపు రెండుసార్లు తెరిచాను. కాగితం కాలిపోతే నేను పిలవొచ్చు, ఆయన నావాడవుతాడు. నీకు ఎలాగూ అక్కర్లేదన్నావు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అప్పుడు సెవెరిన్ నా మోకాళ్ళ దగ్గర్నించి పాక్కుంటూ వెళ్ళి, ఆ కుర్చీకి తన రొట్టెముక్క అందించాడు. వాడి తండ్రి పక్కనే నిలబడి ఉన్నాడు. ఇతరుల తండ్రిని తీసుకుంటే ఎలా ఉంటుందో కళ్ళారా చూశాక పొయ్యి తలుపు మూసేశాను.

నిన్ను ఎవరూ అమ్మలేదు, మోరిట్స్. పద్నాలుగేళ్ళు ఆయన నీకోసం నడిచాడు. ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. రా. రావాలని నీకు లేకపోతే థియోడుల్ కోసమైనా రా. నేను రేపు దిగిపోతున్నాను. నువ్వు వచ్చేసరికి నేను ఇక్కడ ఉండకూడదు, ఉంటే నా నోరు నేను ఆపుకోలేను.

ఎప్పటికీ నీ అక్క,
థెక్లా


ఒల్టెన్,
1949 ఫిబ్రవరి 6

అక్కా,

నాలుగు ముక్కల కంటే ఎక్కువ రాయడం నాకు ఇదే మొదలు. తప్పులుంటే దిద్దుకో.

నీ కాగితం వచ్చాక రెండు నెలలు దాచాను. డిసెంబరులో దారి మూసేశారు, నాకు అది వంక అయింది. జనవరిలో మా వాడు ఉయ్యాల అంచు పట్టుకుని "అట్" అన్నాడు. నా చెయ్యి దానంతట అది వెళ్ళి వాడి నోటికి అడ్డం పడింది. వాడి కళ్ళు చూశాను. మర్నాడు సెలవు పెట్టాను.

ఒకటో తారీకు ఎక్కాను. థియోడుల్ దారిలోకి ఎదురొచ్చి మంచు పార నా చేతికిచ్చాడు. "ఆల్బీన్ కొడుకువా? ముందు తవ్వు, తరవాత మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ మనిషి సగం చిక్కిపోయి ఉన్నాడు. క్రెసెన్స్ అవ్వ నా మొహం తడిమి చూసింది. ఏడవలేదు. "చెవులు మాత్రం వాళ్ళ అమ్మవి, పాపం" అంది.

రెండో తారీకు పొద్దున ఆ గదిలోకి వెళ్ళాను. నిజానికి నేను పిలవడానికి వెళ్ళలేదు. ఎందుకు వదిలేశావని అడగడానికే వెళ్ళాను. నువ్వు రాసింది చదివాను గాని నమ్మలేదు, నన్ను రప్పించడానికి అలా రాశావనుకున్నాను. అవ్వ నా చేతిలో నీళ్ళ వంతు కర్ర పెట్టింది. ఒక వైపు మన గుర్తు. రెండో వైపు వరసగా గాట్లు, దిగి వెళ్ళిన ప్రతిసారీ ఒకటి. ఇరవై ఎనిమిది. ఆఖరిది సగమే ఉంది, చెక్కుతుండగా కత్తి చేతిలోంచి జారిపోయిందట, మనిషి కూడా. కర్ర చివర వేరే గాట్లున్నాయి, చిన్నవి, గుండ్రంగా. "అవి నీ పాలపళ్ళు. పళ్ళొచ్చే రోజుల్లో అదే కొరికేవాడివి, ఏది ఇచ్చినా ఊరుకునేవాడివి కాదు" అంది అవ్వ.

అడగాలనుకున్నది అడగలేదు. పిలిచాను. గట్టిగా కూడా కాదు. ఎలా పలకాలో నాకెవరూ చెప్పలేదు గాని నోటికి తెలుసు.

గదిలో మంచు చిటపటమంది. కింద ఫిలోమేనా ఇంటి వైపు నుంచి బూట్ల చప్పుడు బయల్దేరింది. మెట్లు దిగింది, సందు ఎక్కింది. ముసలి నడక కాదక్కా, పరుగు. వచ్చి నా ఎదురుగా ఆగింది. తడి పొగాకు వాసన. నా చేతిలో ఉన్న కర్ర రెండో కొసను ఎవరో పట్టుకున్నట్టు బరువెక్కింది.

అవ్వ వెనక నుంచి, "వెళ్ళమను, వెళ్ళమని మూసెయ్యి" అంటోంది. ఆ మాట నాకు రాలేదు. పద్నాలుగేళ్ళు నాకోసం నడిచి, పదకొండేళ్ళు చలిలో నిలబడ్డవాణ్ణి వెళ్ళమని ఎలా అనను? "రా" అన్నాను. కిటికీ మూసేశాను. అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏం చేశావురా, వాణ్ణి ఎటు పంపావు" అని అక్కడే కూలబడింది. 

సెవెరిన్ సంగతి. వాడు కుర్చీ వైపు కాసేపు చూసి, తలుపు వైపు చూసి, చెయ్యి ఊపాడట. కొంచెం ఏడ్చి, తరవాత థియోడుల్ మోకాలు పట్టుకుని లేచి నిలబడ్డాడట. నేను దిగి వచ్చేసరికి వాడు తండ్రి మెడ మీద ఉన్నాడు. థియోడుల్ కళ్ళు తుడుచుకుంటూ, "తలుపు వెయ్యండి, చలి" అని అందర్నీ కసురుతున్నాడు. అప్పుడే కొండ అంచు మీద నుంచి కాస్త ఎండ వచ్చి వాళ్ళ గుమ్మం మీద పడింది. సందులో ఎవరో చిన్నపిల్ల తండ్రిని పిలిచింది. ఊరంతా ఒక్క క్షణం ఆగి విన్నది. ఏమీ కాలేదు. తరవాత అన్ని ఇళ్ళలోంచీ పిలుపులే.

నువ్వు పటం మీద గుర్తు పెట్టుకోవచ్చు. ఇంకో మాట కూడా. ఆరేళ్ళప్పటి సంగతి నువ్వు నాకు అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ గిన్నె గుమ్మం బయట ఉన్నందుకు నాకెప్పుడూ బాధ లేదు, పక్కన నువ్వున్నావు కదా. వేసవిలో ఇక్కడికి రా. నాకున్నది నీక్కూడా ఉన్నట్టే. ఆయన అడగడు.

నాలుగో తారీకు సాయంత్రం ఇల్లు చేరాను. బూట్లకు మంచు దులుపుకుని, లోపలికి వచ్చి, తలుపు వేశాను. బూట్లు విప్పి పొయ్యి దగ్గర పెట్టాను. అప్పుడు బయట గడప మీద బూటు తట్టిన చప్పుడు, రెండుసార్లు. మా ఆవిడ, "ఎవరో వచ్చారు, చూడండి" అంది. నేను లేచి తలుపు తీసి, కాస్త పక్కకు తప్పుకుని నిలబడ్డాను.

మా వాడు ఉయ్యాలలో లేచి కూర్చున్నాడు. ముందు తలుపు వైపు చూసి అన్నాడు ఆ మాట. తరవాత నా వైపు తిరిగి మళ్ళీ అన్నాడు. వాడి నోటికి నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

నీ తమ్ముడు,
ఆల్బీన్ కొడుకు మోరిట్స్